కొల్లేట్లో ఒక డిగ్రీ తేడా

తప్పు నాదే. ముందుగా ఇది ఒప్పేసుకుంటే తరవాత ఎదుటివాణ్ణి తీరిగ్గా తిట్టుకోవచ్చు.

ఆరేళ్ళపాటు కొల్లేట్లో నీటి వేడిమిని కొలిచి, ఒక్క అంకె అటూ ఇటూ కాకుండా పుస్తకంలో రాసుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి ఒకనాటి ఉదయం, పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడన్న ఒకే ఒక్క కారణానికి, నా యంత్రం చెప్పిన అంకె వదిలేసి ఆయన యంత్రం చెప్పిన అంకె రాశాను. ఆయన నన్ను బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. "అదేంటి, మీది తక్కువ చూపిస్తోందే?" అన్నారంతే. "అయ్యుంటుందండీ, మాది పాతది కదండీ" అన్నాను. ఆ రెండు 'అండీ'లే నా కొంప ముంచాయి. మా వైపు మనిషికి ఎదుటివాడి మాట కాదనడం కన్నా కాలవలో దూకడం తేలిక.

నేనుండేది ఏలూరు. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, ఒక కాలేజీలో ఫిజిక్సు పాఠాలు. ఈ రెంటికీ మధ్య రైల్లో సగం జీవితం గడిచింది. మిగిలిన సగంలో చేసిన చెప్పుకోదగ్గ పని ఈ కొల్లేటి కొలత ఒక్కటే.

వాతావరణం చూసే ఉపగ్రహాలకి భూమి వేడిమిని పసిగట్టే కళ్ళుంటాయి. మన కళ్ళలాగే వాటికీ వయసొస్తుంది, చూపు మారుతుంది. మనమైతే కళ్ళజోడు మార్చుకుంటాం. పైనున్నదాన్ని కిందికి దింపి అద్దాలు మార్చే వీల్లేదు. ఒక దేశం ఉపగ్రహం ఒక మేఘాన్ని ఇంత చల్లన అంటుంది, ఇంకో దేశానిది కాదు కాస్త వెచ్చన అంటుంది. తుపాను మాత్రం అందరికీ ఒకటే. అందుకని దేశాలన్నీ కూడబలుక్కుని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. రెండు దేశాల ఉపగ్రహాలు ఇంచుమించు ఒకే సమయానికి ఒకే చోటు మీదుగా వెళ్ళినప్పుడు, రెండూ చెప్పిన అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. సరిగ్గా అదే వేళకి కింద ఒక మనిషి నీళ్ళ మీద కూర్చుని కొలిచి పెడితే మూడో సాక్ష్యం. ఎవరి చూపు ఎంత తప్పిందో ఒక ఉమ్మడి పట్టికలో వేసి అందరికీ పంచుతారు. బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని దేశాలు కూడా ఆ పట్టికలో ఇరుగుపొరుగు గళ్ళలో సర్దుకుని కూర్చుంటాయి.

కొల్లేటి తరఫున ఆ మూడో సాక్షిని నేను.

కొల్లేరు ఈ పనికి గొప్ప అనువైనదేం కాదు. లోతు తక్కువ, గుర్రపుడెక్క ఎక్కువ, చుట్టూ చేపల చెరువులు. అయినా వానలు వెనకపట్టి నీళ్ళు నిండుగా ఉన్న నెలల్లో, మధ్యలో గాలి నిలిచిన చోటు దొరికితే, మైళ్ళకొద్దీ ఒకటే నీటి పలక. ఉక్కపోసే చోట, లోతులేని నీళ్ళ మీద కొలిచేవాళ్ళు ఆ పట్టికలో తక్కువమందే ఉన్నారట. అలా మాకో గడి దొరికింది.

పడవ నడిపేది ఒక లంక ఊరి పెద్దమనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అంటాను, తను మేస్టారూ అంటాడు. చేపల చెరువుల్లో చేపపిల్లని వదిలేటప్పుడు అక్కడో అలవాటుంది. నీళ్ళలో ఉన్నవాడు లెక్క పలికితే, గట్టు మీదున్నవాడు అదే లెక్కని గట్టిగా తిరిగి పలకాలి. తిరిగి పలకని లెక్క లెక్క కాదు. నేను మొదటిరోజు అంకె గొణుక్కుంటూ రాసుకుంటుంటే బాబాయ్ పడవ తోసే గెడ వెయ్యడం ఆపేశాడు.

"అదేంటి మేస్టారూ, మనసులో కొలుస్తారా? పైకి పలకండి. నేను పలుకుతాను. అప్పుడు రాసుకోండి."

అప్పట్నుంచీ అదే మా పద్ధతి. నేను "ఇరవై తొమ్మిది పాయింటు రెండు" అంటే, "ఇరవై తొమ్మిదీ పాయింటూ రెండూ..." అని బాబాయ్ సాగదీసి అరిచేవాడు. కిక్కిస దుబ్బుల్లో కొంగలు లేచేవి. నేను రాసేవాణ్ణి.

మాకున్న యంత్రం రేడియోమీటరు. నీటిని తాకకుండానే పైపొర ఎంత వేడిగా ఉందో చెబుతుంది. కానీ కొలవబోయే ముందు ప్రతిసారీ దాన్ని ఒక డబ్బాకి చూపించాలి. డబ్బా లోపలంతా నల్లరంగు, అది ఎంత వేడిగా ఉందో మనకి ముందే తెలుసు. యంత్రం డబ్బా వేడిని సరిగ్గా చెబితే నీళ్ళ వేడి విషయంలో దాన్ని నమ్మొచ్చు. బాబాయ్ దానికి దిష్టిడబ్బా అని పేరు పెట్టాడు. చూపు సరిచేసేదే గనక ఆ పేరు నాకూ నచ్చింది. ఆరేళ్ళలో దిష్టి తియ్యకుండా ఒక్కనాడూ కొలవలేదు మేం.

మన దేశం వైపు ఈ కొలతలన్నీ చూసే ఆఫీసు వేరే నగరంలో ఉంది. దాని డైరెక్టరు గారు ఒకరోజు మా కొల్లేటికి దయచేశారు. వెంట ఓ కొత్త రేడియోమీటరు. పెట్టెలోంచి దాన్ని తియ్యడం చూస్తే పల్లకిలోంచి పెళ్ళికొడుకుని దింపినట్టుంది. బాబాయ్ ఆయన కోసం గోనెసంచి నాలుగు మడతలు పెట్టి పడవ పలక మీద పరిచాడు.

"సర్, ముందు డబ్బాకి చూపిద్దామండీ" అన్నాను.

"దీనికి అక్కర్లేదయ్యా. ఫ్యాక్టరీలో సరిచేసే పంపించారు. కొత్తది."

"ఎప్పుడొచ్చిందండీ?"

"పోయినేడాది."

పోయినేడాది స్నానం చేశాను, ఇవాళ అక్కర్లేదు అన్నట్టే ఉంది గానీ, అనలేదు నేను. ఉపగ్రహాలు వచ్చే వేళయింది. నాది ఇరవై తొమ్మిది పాయింటు రెండు అంది. ఆయనది ముప్ఫై పాయింటు అయిదు. బాబాయ్ రెండూ పలికాడు. ఆ తరవాత జరిగిందే మొదట్లో ఒప్పుకున్నాను. నేను ముప్ఫై పాయింటు అయిదు రాసి, కింద సంతకం పెట్టాను.

బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు గానీ అంకెలొచ్చు. పుస్తకంలోకి తొంగిచూశాడు.

"మేస్టారూ, పలికిందొకటి, రాసిందొకటీనా?"

"ఊరుకో బాబాయ్, పెద్దవాళ్ళున్నారు."

ఊరుకున్నాడు. డైరెక్టరు గారు మా ఇంటికొచ్చి భోంచేశారు. కొరమేను పులుసు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. మా ఆవిడ చేతివంటని అంతగా మెచ్చుకున్నవాళ్ళు మా చుట్టాల్లో కూడా లేరు. ఆ నోటితోనే, నెల తిరక్కుండా, ఆయన అన్న మాట చెబుతాను.

దేశాలన్నీ కలిసే మీటింగు. కంప్యూటరు తెర నిండా మొహాలు, ఒక మూల గడిలో నేను. కొల్లేటి మీదుగా ఆ రోజు వెళ్ళిన రెండు ఉపగ్రహాలూ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవించాయి. ఇరవై తొమ్మిదికి కాస్త అటూ ఇటూ. కింద మనిషి రాసింది మాత్రం డిగ్రీ పైన ఎక్కువ. ఏంటీ సంగతి అని అడిగింది రెండో ఉపగ్రహం తాలూకు ఆవిడ. యూరప్ నుంచి, ఈ పోల్చిచూసే పనులన్నీ నడిపించేది ఆవిడే.

డైరెక్టరు గారు నవ్వారు. "అక్కడ ఒక లెక్చరరు ఉన్నాడు. శ్రద్ధ ఉంది గానీ ట్రైనింగు లేదు. సరస్సు అనుకుని ఏ చేపల చెరువులోనో కొలిచి ఉంటాడు" అన్నారు, ఇంగ్లీషులో. తెర మీద మొహాలన్నీ నవ్వాయి. నా మైకు ఆపేసి ఉంది. కంగారుగా నొక్కాను, తెరుచుకుంది. అందరూ నావైపు చూశారు.

"థాంక్యూ సర్" అన్నాను.

నా మూర్ఖత్వం ఆ ఒక్కరోజుతో ఆగలేదని తెలియడానికే ఇది రాశాను.

పట్టికలో కొల్లేరు పేరు పక్కన ఒక నక్షత్రం పడింది. కింద చిన్నక్షరాల్లో: మళ్ళీ పరీక్షించేదాకా ఈ చోటి అంకెలేవీ లెక్కలోకి తీసుకోరాదు. మా కాలేజీ పిల్లలకి నేను నక్షత్రం పెడితే బాగా చేశారని. నాకు పడిన నక్షత్రానికి అర్థం వేరు. ఆరేళ్ళ ఉదయాలు దాని కిందికి పోయాయి. బాబాయ్‌కి చెప్పక తప్పలేదు.

"అంటే మనం ఇన్నాళ్ళూ పలికింది?"

"లెక్కలోకి రాదు బాబాయ్."

"అంతానా?"

"అంతా."

గెడ మీద గడ్డం ఆనించాడు. "మరి ఆయన పలికింది?"

"అదే ఉంది. అదుండబట్టే మనది పోయింది."

ఉన్న సంగతి అప్పుడే చెప్పెయ్యొచ్చుగా అని మీరనొచ్చు. చెప్పాలంటే నేను దొంగ అంకె రాశానని చెప్పాలి. పుస్తకంలో ఉన్న సంతకం నా ఒక్కడిదే. ఆయన యంత్రం ఆ రోజు పడవెక్కినట్టు కూడా అందులో లేదు. మర్యాద కొద్దీ నేనే రాయలేదు. కొల్లేట్లో నేను కొలిచిందంతా ఆయన కొల్లగొట్టుకుపోయారు, దారి చూపించింది నేనే.

అప్పట్నుంచీ పగ అన్నది నాకు నిత్యకృత్యమైపోయింది. పైన ఉపగ్రహం, కింద నా ఆగ్రహం, రెంటి మధ్యా పనికిమాలిన నిగ్రహం. రోజూ రైల్లో ఆయన్ని దులిపేసేవాణ్ణి. ఏలూరులో మొదలుపెడితే భీమడోలు వచ్చేసరికి "చూడండి డైరెక్టరు గారూ" అయ్యేది. పూళ్ళ దగ్గర 'గారు' ఊడేది. చేబ్రోలు దాటాక 'నువ్వు'లోకి దిగేవాణ్ణి. బాదంపూడి దగ్గర నేనన్న మాటలకి పక్కన కూర్చున్న ఉల్లిపాయల వ్యాపారి ఒకాయన లేచి వేరే సీటుకి వెళ్ళాడు. గూడెంలో దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డానో లేదో, ఒకరోజు సాక్షాత్తూ ఆయన దగ్గర్నుంచే ఫోను. "చెప్పండి సర్" అన్నాను. నా గొంతు అంత తియ్యగా ఉంటుందని నాకే తెలియదు.

మా నాన్న మిషను స్కూల్లో హెడ్మాస్టరు. ఆదివారం గుడికి వెళ్ళకపోతే అన్నం దిగని కుటుంబం మాది. గుళ్ళో అందరం కలిసి చెప్పే ప్రార్థనలో, మనకి అపకారం చేసినవాళ్ళని క్షమించే చోటు ఒకటొస్తుంది. సరిగ్గా అక్కడ నాకు దగ్గొచ్చేది.

"ఏవండీ, అక్కడే ఎందుకొస్తుందండీ మీకు దగ్గు?" అంది మా ఆవిడ.

"చలిగాలి."

"మే నెల్లోనా?"

ఆయన మళ్ళీ భోజనానికొస్తే పరిగెల పులుసు పెడదామన్నాను. వేలెడంత చేపలు, వాటి నిండా ముళ్ళు. "ముళ్ళు తీసుకోవడం చేతకానివాళ్ళకి అవి పెట్టకూడదండీ, పాపం" అంది. పాపమట. కొరమేను పెట్టినప్పుడు లేని పాపం.

బాబాయ్‌ది ఇంకో రకం. ఎప్పుడు కలిసినా "ఏం పలికారు, ఏం రాశారు?" అని పలకరించేవాడు. బాగున్నారా అన్నట్టే అనేవాడు, నవ్వుతూ. అయినా లెక్కలోకి రాదని తెలిసీ పడవ మానలేదు మేం. ఉపగ్రహాలు వచ్చే రోజున వెళ్ళడం, దిష్టి తియ్యడం, పలకడం, రాయడం. పోయిన నమ్మకాన్ని పట్టుకోవడానికి వేరే వల తెలియదు మా ఇద్దరికీ.

ఏడాదిన్నర గడిచాక ఆవిడ వచ్చింది, యూరప్ నుంచి. దేశదేశాలూ తిరిగే యంత్రం ఒకటుంది. దాని పక్కన ఒక్కొక్క చోటి యంత్రాన్నీ పెట్టి, అన్నిటినీ ఒకే డబ్బాకీ, ఒకే నీళ్ళకీ చూపిస్తారు. ఎవరిది ఎంత తప్పిందో అక్కడే తేలిపోతుంది. ఏ దేశమూ నాదే ఒప్పు అనకూడదు, అందరూ తమది తెచ్చి పక్కన పెట్టాల్సిందే. ఆ ఒప్పందం అది. మా కొల్లేటి వంతు వచ్చింది. నక్షత్రం పోవడమో, గడే పోవడమో ఇవాళ్టితో తేలాలి.

డైరెక్టరు గారు కూడా వచ్చారు. రానక్కర్లేదు. ఆ కొత్త యంత్రాన్ని ఆవిడకి చూపించి సెబాసనిపించుకోవాలని వచ్చారు. ఆయన కారు దిగుతుంటే నాకు పులుసు వాసన గుర్తొచ్చింది. వంగి నమస్కారం పెట్టాను. బాబాయ్ మళ్ళీ గోనెసంచి పరిచాడు. ఈసారి ఒకటే మడత.

నడి కొల్లేట్లో గెడ దించి, ఒక చెక్క మీద మూడు యంత్రాలూ వరసగా బిగించాం. ఆవిడ నల్ల డబ్బా తీసింది.

"నాది కొత్తదండీ, దానికి అవసరం లేదు" అన్నారు డైరెక్టరు గారు ఇంగ్లీషులో.

"మా దాన్ని గురించి కూడా మేం కొత్తలో అలాగే అనుకున్నాం" అందావిడ, నవ్వకుండా. డబ్బా ముందు పెట్టింది.

నేను అంకెలు పలకాలి. తిరిగే యంత్రం: ముప్ఫై పాయింటు సున్నా. బాబాయ్ పలికాడు. నాది: ముప్ఫై పాయింటు ఒకటి. పలికాడు. ఆయనది: ముప్ఫై ఒకటి పాయింటు నాలుగు.

"ముప్ఫై ఒకటీ... పాయింటూ... నాలుగూ..." బాబాయ్‌కి అంత గొంతు ఉందని నాకు ఆరోజే తెలిసింది. దూరంగా చెరువు గట్టు మీద మేత వేస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు.

"అంత గట్టిగా ఎందుకయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

"గట్టుకి వినపడాలండీ. మా పద్ధతండీ" అన్నాడు బాబాయ్.

ఎండ వల్లేమో అన్నారాయన. నీడ పట్టి మళ్ళీ చూశాం. చెక్క మీద చోటు మార్చి చూశాం. నీళ్ళకి చూపించాం. ఎన్నిసార్లు చూసినా అదే డిగ్రీ, అదే పైచిల్లర. బాబాయ్ ఏ ఒక్కసారీ గొంతు తగ్గించలేదు. నాకు కలిగిన ఆనందం మంచిది కాదని తెలుసు. తెలిసే అనుభవించాను, చెరుకుముక్క నమిలినట్టు నెమ్మదిగా.

తరవాత ఆవిడ నా పుస్తకం తిరగేసింది. ఆరేళ్ళ అంకెల్నీ ఉపగ్రహాల అంకెలతో పోల్చిన కాగితాలు ఆవిడ దగ్గరున్నాయి. ఒక పేజీ దగ్గర వేలు పెట్టింది. "మీవన్నీ సరిపోతున్నాయి. ఈ ఒక్కరోజు తప్ప. ఆ రోజు ఏం జరిగింది?"

డైరెక్టరు గారు కొంగల వైపు చూడసాగారు. నా నోట్లోకి అలవాటైన 'అయ్యుంటుందండీ' వచ్చేసింది. యంత్రం పాడైందని చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. నిజం చెబితే నేను దొంగ అంకె రాసినవాణ్ణి. ఒకటి రాసినవాడు వంద రాయడా అని ఆవిడ పుస్తకం మూసేస్తే, ఆరేళ్ళూ శాశ్వతంగా పోయినట్టే.

ఆవిడ అడిగిందేంటో భాష రాకపోయినా బాబాయ్‌కి అర్థమైంది. ఆ పేజీ తనకి తెలుసు.

"పలికిందే రాయండి మేస్టారూ. ఇప్పుడైనా."

చెప్పేశాను. ఇరవై తొమ్మిది పాయింటు రెండు అని పలికి, ముప్ఫై పాయింటు అయిదు రాశానని. ఎవరి అంకె రాశానో, ఎందుకు రాశానో కూడా.

ఆవిడ పుస్తకం మూయలేదు. నా వంక చూసింది, ఆయన వంక చూసింది, కాసేపు ఆయన యంత్రం వంక చూసింది. చివరికి అంది: ఆ ఒక్కరోజు కొట్టేస్తాం, మిగతా అంకెలు నిలబడతాయి, నక్షత్రం తీసేస్తాం. కానీ కొట్టేసిన రోజు పక్కన, ఎందుకు కొట్టేశామో మీరే రాసివ్వాలి. ఆ వివరణ పట్టికతో పాటే అన్ని దేశాలకీ వెళ్తుంది. ఇక్కడున్న పై అధికారి దాని కింద సాక్షి సంతకం చెయ్యాలి. పద్ధతి అది.

ఆ పద్ధతి పెట్టినవాళ్ళెవరోగానీ వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

ఆవిడిచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని, నిజం తప్ప ఒక్క ముక్క కలపకుండా రాశాను. ఇంగ్లీషులో రాసినదానికి తెలుగు ఇదీ:

"ఆనాడు గౌరవనీయులైన డైరెక్టరు గారు తమ సొంత యంత్రంతో స్వయంగా దయచేశారు. అది కొత్తది గనక డబ్బాకి చూపించనక్కర్లేదని సెలవిచ్చారు. వారంతటివారి అంకెను కాదనడం మర్యాద కాదని తలచి, నా యంత్రం చెప్పిన సరైన అంకెను విడిచి, వారి యంత్రం చెప్పిన అంకెను రాశాను. తప్పు పూర్తిగా నాది. గౌరవనీయులైన డైరెక్టరు గారి తప్పు ఇందులో ఏమీ లేదు."

కాగితం, దాని మీద పెన్నూ పెట్టి రెండు చేతులతో అందించాను. "సర్, తమరి సంతకం."

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. తప్పు నాదేనని నేనే రాశాను, కాదనడానికి ఏముంది? ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తోంది. చుట్టూ నీళ్ళు, లేచి వెళ్ళడానికి చోటు లేదు.

"ఈ 'గౌరవనీయులైన' అన్నది రెండుసార్లు ఉండాలా?" అన్నారు, మెల్లగా, తెలుగులో.

"మూడోసారి కూడా రాద్దామనుకున్నానండీ. కాగితంలో చోటు చాలలేదండీ."

సంతకం పెట్టారు. నేను కాగితం మడవబోతుంటే బాబాయ్ గెడ ఎత్తకుండా నిలబడ్డాడు.

"అలా మడిచేస్తే ఎలా మేస్టారూ? పైకి పలకండి. నేను పలకందే లెక్క కాదు గదా."

అదీ నిజమే. ఒక్కొక్క వాక్యమే తెలుగులో పలికాను. బాబాయ్ ఒక్కొక్కటే అందుకుని, చేపపిల్లల లెక్క గట్టుకి చెప్పే గొంతుతో తిరిగి పలికాడు. "గౌరవనీయులైనా... డైరెక్టరు గారి తప్పూ... ఇందులో ఏమీ లేదూ..." గట్టు మీదివాళ్ళు మేత సంచులు దించి వింటున్నారు. డైరెక్టరు గారు ఒంటి మడత గోనెసంచి మీద, యంత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆఖరి వాక్యం సరిగ్గా వినపడలేదేమోనని, నేను రెండోసారి కూడా పలికాను.